నాటకం నుంచి చిన్న సినిమాకు: మూడు దారులు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– నాటకం తక్కువ ఖర్చుతో తీసే సినిమాకు ఎందుకు ఆధారమైందో వివరించగలుగుతారు;
– తెలుగులో నాటకం తెరమీదికి వచ్చిన మూడు దారులను ఉదాహరణలతో గుర్తించగలుగుతారు;
– నాటకం, సినిమా వదిలివెళ్ళే చారిత్రక ఆధారాల మధ్య తేడాను చెప్పగలుగుతారు;
– మీ ప్రాంతపు నాటక చరిత్రను సేకరించే పద్ధతిని తెలుసుకుంటారు.

1. పరిచయం

తెలుగు సినిమా చరిత్ర అనగానే పెద్ద స్టూడియోలు, పేరున్న నటులు, శతదినోత్సవాలు గుర్తుకు వస్తాయి. అది చరిత్రలో ఒక భాగం మాత్రమే. చేతిలో డబ్బు తక్కువగా ఉండి, పెద్ద నిర్మాణ సంస్థ అండ లేకుండా, చెప్పవలసిన విషయం మీద నమ్మకంతో తీసిన సినిమాలు మరొక భాగం. ఇలాంటి సినిమాలు చాలాసార్లు నాటకం దగ్గరికి వెళ్ళాయి. ఎందుకు వెళ్ళాయి? అక్కడినుంచి ఏమి తెచ్చుకున్నాయి? ఏమి తెచ్చుకోలేకపోయాయి? ఈ మూడు ప్రశ్నల చుట్టూ ఈ పాఠం నడుస్తుంది.

గోదావరిఖని, రామగుండం ప్రాంతపు విద్యార్థులను ప్రత్యేకంగా దృష్టిలో ఉంచుకొని ఈ పాఠం రాశాను. మొదటి షిఫ్టు దిగి వచ్చి పుస్తకం పట్టుకునేవారికి చరిత్ర ఎక్కడో హైదరాబాదులోనో, మద్రాసులోనో జరిగిన విషయంగా తోచవచ్చు. పాఠం చివరికి వచ్చేసరికి అది మీ కాలనీ మైదానం దాకా వస్తుంది.

2. రంగస్థలం ఖర్చు, తెర ఖర్చు

ముందుగా లెక్క చూద్దాం. నాటకానికి మొదటి ప్రదర్శన ఖర్చు తక్కువ. నలుగురు నటులు, ఒక వేదిక, రెండు దీపాలు, నాలుగు దుస్తులు ఉంటే చాలు. కాని రెండో ప్రదర్శనకు మళ్ళీ అదే మనుషులు రావాలి, అదే శ్రమ పడాలి. నూరో ప్రదర్శన కూడా మొదటిదానిలాగే చెమట అడుగుతుంది.

సినిమా దీనికి తలకిందులు. మొదటి ప్రతి తయారు కావడానికి ఖర్చు ఎక్కువ. ముడి ఫిల్ము, కెమెరా అద్దె, ల్యాబు, శబ్దగ్రహణం, కూర్పు అన్నీ ముందే చెల్లించాలి. తరువాత ప్రతులు తీయడం పోల్చి చూస్తే చౌక. అయితే ఆ ప్రతులు థియేటరుకు చేరాలంటే పంపిణీదారు ఒప్పుకోవాలి. చిన్న సినిమా సాధారణంగా ఓడిపోయేది ఇక్కడే. తీయడం ఒక గండం, చూపించడం అంతకన్నా పెద్ద గండం.

తక్కువ డబ్బుతో తీయాలనుకునేవారికి నాటకం మూడు విధాలుగా పనికివస్తుంది. మొదటిది, ప్రేక్షకుల ముందు పరీక్షకు నిలిచిన కథ. ఏ మాటకు జనం నవ్వుతారో, ఏ ఘట్టంలో నిశ్శబ్దమవుతారో ముందే తెలుసు. రెండోది, సాధన చేసిన నటులు. వారికి సంభాషణ కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి ఫిల్ము వృథా తగ్గుతుంది. మూడోది, స్థలం పరిమితి. ఒక ఇల్లు, ఒక వీధి, ఒక గుడిసెల వాడ చుట్టూ కథ తిరుగుతుంది కాబట్టి ప్రయాణాలు, సెట్టింగులు తగ్గుతాయి.

ఈ మూడు లాభాలకూ ధర ఉంది. నాటకంలో నటుడు, ప్రేక్షకుడు ఒకే గాలి పీలుస్తారు. ప్రేక్షకుడు ఈల వేస్తే నటుడు ఆగుతాడు, ఏడిస్తే గొంతు తగ్గిస్తాడు. తెరకు ఆ సంగతి తెలియదు. అందువల్ల నాటకాన్ని ఉన్నదున్నట్టుగా చిత్రీకరిస్తే అది చాలాసార్లు చప్పబడుతుంది. మంచి అనుసరణ ఈ లోటును దేనితో పూరించిందన్నదే మనం గమనించవలసిన విషయం.

3. మొదటి దారి: నాటక సమాజమే కెమెరా ముందుకు

భారతదేశంలో మొదటి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. దాని నిర్మాత అర్దేషిర్ ఇరానీ. ఆయన దగ్గర పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి, మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు దర్శకుడయ్యాడు. మాటలు రికార్డు చేసే పరికరం కొత్తది, ఖరీదైనది. స్టూడియోలో ఉండే ప్రతి రోజూ డబ్బే. ఆ పరిస్థితిలో తెలుగులో పద్యం పాడగల, సంభాషణ తడబడకుండా చెప్పగల మనుషులు ఎక్కడ దొరుకుతారు? నాటక సమాజాల్లోనే.

ధర్మవరం రామకృష్ణమాచార్యుల ప్రహ్లాద నాటకం అప్పటికే రంగస్థలం మీద స్థిరపడినది. సురభి వారు దానిని ప్రదర్శించేవారు. సురభి సంప్రదాయం 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో వనారస గోవిందరావుతో మొదలైంది. కుటుంబమంతా ఒకే నాటక సమాజంగా బతికే పద్ధతి అది. తల్లి, తండ్రి, బిడ్డలు అందరూ వేషం వేస్తారు. స్త్రీ పాత్రలు పురుషులు వేయడం సాధారణంగా ఉన్న రోజుల్లో సురభిలో స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించేవారు. ఆ విధంగా సురభి కమలాబాయి లీలావతిగా తెరమీదికి వచ్చింది. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. సినిమాకు పాటలు రాసిన చందాల కేశవదాసు ఖమ్మం జిల్లా వాడు. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైన ఇల్లందు కూడా 2016 వరకు ఆ జిల్లాలోనే ఉండేది.

ఈ చిత్రం చరిత్ర విద్యార్థికి మరొక పాఠం కూడా చెబుతుంది. చాలాకాలం పాటు ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని పుస్తకాల్లో రాసేవారు. ఒకరు రాసినదాన్ని మరొకరు తిరగరాశారు. తరువాత పాత్రికేయుడు రెంటాల జయదేవ నాటి పత్రికలను, సెన్సారు వివరాలను వెతికి చూశారు. సెన్సారు అనుమతి 1932 జనవరి 22న వచ్చినట్టు, సినిమా 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనట్టు తేలింది. అనుమతి రాకముందే సినిమా విడుదల కావడం సాధ్యం కాదు కదా! ఒక్క ప్రభుత్వ పత్రం దశాబ్దాల నమ్మకాన్ని సరిదిద్దింది. ఎంతమంది చెప్పారన్నది చరిత్రలో సాక్ష్యం కాదు. ఎవరు, ఎప్పుడు, దేని ఆధారంగా చెప్పారన్నదే సాక్ష్యం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
నాటక నటులను తీసుకోవడం వల్ల తొలి టాకీ నిర్మాతకు కలిగిన ప్రయోజనం ఏమిటి? నాలుగు వాక్యాల్లో రాయండి.

4. రెండో దారి: ఉద్యమం వెంట వచ్చిన సినిమా

మొదటి దారిలో నాటకాన్ని సినిమాకు చేర్చింది వ్యాపారం. రెండో దారిలో ఆ పని చేసింది ఉద్యమం.

1943లో బెంగాల్ కరువు లక్షలాది ప్రాణాలను బలి తీసుకుంది. అదే సంవత్సరం భారత ప్రజా నాటక సంఘం ఏర్పడింది. కరువు మీద బిజన్ భట్టాచార్య రాసిన ‘నవాన్న’ నాటకం బెంగాలీ రంగస్థలాన్ని మార్చివేసింది. ఆయన నాటకాలతోపాటు కృష్ణచందర్ ఉర్దూ కథ ‘అన్నదాత’ను కూడా ఆధారం చేసుకొని 1946లో ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ‘ధర్తీ కే లాల్’ తీశాడు. నటులు ఎక్కువగా నాటక సంఘం వారే. తక్కువ ఖర్చుతో, స్టూడియో వ్యవస్థకు వెలుపల, నాటకం నుంచి పుట్టిన భారతీయ సినిమాకు ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

తెలుగునాట ఆ సంఘానికి సాటి ప్రజానాట్యమండలి. తెలంగాణ రైతాంగ పోరాటం నేపథ్యంలో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో ‘మా భూమి’ నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దళాలు దానిని ఊరూరా ప్రదర్శించాయి. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది.

ఇప్పుడు జాగ్రత్తగా గమనించండి. ‘మా భూమి’ పేరుతో ఒక సినిమా కూడా ఉంది. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించారు. దర్శకుడు గౌతమ్ ఘోష్. బెంగాలీ అయిన ఆయనకు ఇదే మొదటి కథాచిత్రం. పేరు ఒకటే కాబట్టి నాటకాన్నే సినిమాగా తీశారనుకోవడం సహజం. కాని సినిమా కథకు ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. ‘ధర్తీ కే లాల్’ దగ్గర మనకు పరిచయమైన రచయితే ఇక్కడా కనిపిస్తాడు. నాటకం నుంచి సినిమాకు వచ్చినది కథ కాదు. పేరు, దానితోపాటు ఆ పేరు జనంలో ముప్పై ఏళ్ళుగా మోసుకొచ్చిన జ్ఞాపకం. పోస్టరు మీద ఆ రెండు మాటలు చూడగానే పాత తరం ప్రేక్షకుడికి పెట్రోమాక్స్ దీపాల వెలుగులో చూసిన నాటకం గుర్తుకు రావడం సహజం. దీనిని ‘పేరు వారసత్వం’ అనవచ్చు.

పద్ధతి మాత్రం నాటకం వారిదే. సాయిచంద్, కాకరాల, తెలంగాణ శకుంతల, రామిరెడ్డి, భూపాల్‌రెడ్డి వంటివారు నటించారు; అప్పటికి వీరిలో ఎవరూ సినిమా తారలు కారు. చిత్రీకరణ స్టూడియోలో కాక తెలంగాణ పల్లెలో జరిగింది. జననాట్యమండలి గాయకుడు గద్దర్ తెరమీద కనిపించి పాడాడు. ఆ పాట రాసినది సాయుధ పోరాట కాలపు కవి బండి యాదగిరి. తెలంగాణ పల్లె మాట తెరమీద హాస్యానికో, ప్రతినాయకుడికో పరిమితమైపోకుండా కథానాయకుడి నోట వినిపించడం ఈ సినిమా సాధించిన ముఖ్యమైన విషయం. నిర్మాణ సంవత్సరాన్ని లెక్కించేవారు దీనిని 1979 చిత్రం అంటారు. విడుదలను లెక్కించేవారు 1980 అంటారు. రెండు అంకెలు కనిపించినప్పుడు ఒకటి తప్పనుకోకండి. ఏది దేనికి సంవత్సరమో అడగండి.

5. మూడో దారి: ఒక రచన, ఒక కెమెరా

మూడో దారిలో పెద్ద సమాజమూ లేదు, ఉద్యమమూ లేదు. ఒక రచయిత నాటకం రాశాడు. ఒక ఛాయాగ్రాహకుడు దానిని సినిమాగా తీయాలనుకున్నాడు. 1988లో వచ్చిన ‘కళ్లు’ అలా పుట్టింది.

నాటక రచయిత గొల్లపూడి మారుతీరావు. ఆకాశవాణిలో పనిచేసి, 1960లలో సినిమా రచనలోకి వచ్చి, 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో నటుడిగా పేరు తెచ్చుకున్నాడు. దర్శకుడు ఎం.వి. రఘు. ‘స్వాతిముత్యం’, ‘సిరివెన్నెల’ వంటి చిత్రాల ఛాయాగ్రాహకుడిగా అప్పటికే ప్రసిద్ధుడు. సంగీతం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. శివాజీరాజాకు ఇది మొదటి సినిమా. సిరివెన్నెల సీతారామశాస్త్రి ఈ చిత్రానికి పాట రాయడమే కాక తానే పాడాడు. తారల కోసం జనం వచ్చే సినిమా కాదిది.

కథ చిన్నది. చూపులేని బిచ్చగాళ్ళు కొందరు ఒకరికొకరు ఆసరాగా కలిసి బతుకుతుంటారు. వారిలో ఒకడికి చూపు వస్తుంది. చూపుతోపాటు లోకంలోని ఆశ, స్వార్థం కూడా కంటపడతాయి. మిగిలినవారికి చేతికర్ర కావలసినవాడే వారిమీద పెత్తనం చేసేవాడవుతాడు. చూపు ఉన్నవాడు చూడనివాడిని ఏమి చేస్తాడన్నది ఇక్కడి ప్రశ్న. ఆ ప్రశ్న గుడ్డితనానికి సంబంధించినది మాత్రమే కాదు. అక్షరం వచ్చినవాడు రానివాడిని, అధికారం దొరికినవాడు దొరకనివాడిని ఎలా చూస్తాడన్నదీ అదే ప్రశ్న.

ఈ అనుసరణలో చరిత్రకారుడికి ఆసక్తి కలిగించే అంశం ఒకటుంది. రంగస్థలం మీద గుడ్డి పాత్రను నటుడు నటిస్తాడు. ప్రేక్షకుడు మొత్తం వేదికను ఒక్కచూపులో చూస్తాడు. సినిమాలో ప్రేక్షకుడు ఏమి చూడాలో కెమెరా నిర్ణయిస్తుంది. చూపు గురించిన నాటకాన్ని చూపే వృత్తిగా ఉన్న ఛాయాగ్రాహకుడు తీయడంలో అందుకే ఒక ఔచిత్యం ఉంది. వేదిక మీద మాటల్లో చెప్పవలసిన మార్పును తెర ఒక ముఖాన్ని దగ్గరగా చూపి చెప్పగలదు. రెండో భాగంలో అనుకున్న లోటు, అంటే నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య దూరం, ఇలా కొంత పూడుతుంది.

అదే 1988లో బి. నర్సింగరావు ‘దాసి’ కూడా వచ్చిందని గుర్తుంచుకోండి. అది నాటకం నుంచి రాలేదు. కాని భారీ వ్యాపార చిత్రాల కాలంలోనే చిన్న సినిమా వేరొక దారిలో నడిచిందనడానికి ఈ రెండూ సాక్ష్యాలు. ‘దాసి’లో నటనకు అర్చన జాతీయ ఉత్తమ నటి పురస్కారం పొందింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
‘మా భూమి’, ‘కళ్లు’ చిత్రాలకు నాటకంతో ఉన్న సంబంధంలో తేడా ఏమిటి?

6. చట్టం, అనుమతి పత్రం, ఆధారం

నాటకాన్ని అదుపు చేయడానికి బ్రిటిషు ప్రభుత్వం 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. సినిమాకు 1918లో, స్వాతంత్ర్యం తరువాత 1952లో వేరే చట్టాలు వచ్చాయి. రెండింటి నడక వేరు. సినిమా అనుమతి పత్రం లేకుండా థియేటరుకు చేరదు. నాటకం సంగతి అలా కాదు. ఈ ఊళ్ళో ఆపితే పక్క ఊళ్ళో, వేదిక మీద ఆపితే కల్లంలో ఆడవచ్చు. ప్రదర్శించే మనుషులు ఉన్నంతకాలం నిషేధం దానిని పూర్తిగా చంపలేదు.

కాని చరిత్రకారుడి బల్ల మీదికి వచ్చేసరికి ఈ లాభనష్టాలు తారుమారవుతాయి. అదుపు చేయడానికి పుట్టిన అనుమతి పత్రమే సినిమాకు జన్మపత్రికగా మిగులుతుంది. ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఈనాడు దొరకదు. అయినా దాని తేదీ మనకు తెలుసు. నాటకానికి అలాంటి కాగితం ఉండదు. రచన అచ్చయితే అది మిగులుతుంది, ప్రదర్శన మిగలదు. రచన కూడా అచ్చుకాకపోతే, ఆడినవారి జ్ఞాపకంతోపాటు అదీ పోతుంది. చట్టం చేతికి చిక్కకుండా తప్పించుకున్న నాటకం చరిత్ర చేతికీ చిక్కకుండా పోతుంది.

7. బొగ్గుగనుల ప్రాంతంలో ఈ చరిత్ర

ఇప్పుడు మీ ప్రాంతానికి వద్దాం. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో 1920లో ఏర్పడింది. గనులు ఇల్లందు నుంచి గోదావరి లోయ వెంట ఉత్తరానికి విస్తరించాయి. 1960ల తరువాత గోదావరిఖని పెద్ద కార్మిక పట్టణమైంది. చుట్టుపక్కల పల్లెలనుంచీ, దూర జిల్లాలనుంచీ బాయి పనికి వచ్చినవారు తమ వెంట ఒగ్గుకథను, చిందు యక్షగానాన్ని, వీధి నాటకాన్ని, బతుకమ్మ పాటను తెచ్చుకున్నారు. ఒకే వరుస క్వార్టర్లలో వేరువేరు ఊళ్ళ కళలు పక్కపక్కన నిలిచాయి. కార్మిక సంఘాల సభల్లో, పండుగ పందిళ్ళలో, కాలనీ మైదానాల్లో నాటికలు, పాటలు, కళారూపాలు ప్రదర్శితమయ్యాయి. గనిలో పైకప్పు కూలడం, మస్టరు కోత, తాగుడు, వడ్డీ అప్పు, వారసత్వ ఉద్యోగం కోసం ఇంట్లో తగాదా – ఇవి ఇక్కడి నాటికకు సహజంగా దొరికే కథలు.

ఈ నాటికల్లో ఎన్ని అచ్చయ్యాయి? ఎన్ని తెరకెక్కాయి? మూడు దారుల్లో ఏదీ ఇక్కడిదాకా సులువుగా రాలేదు. బొంబాయి స్టూడియోకు తీసుకుపోయే వ్యాపారి రాలేదు. షిఫ్టు దిగిన తరువాత రాత్రి సాధన చేసిన కార్మికుడికి సంభాషణల ప్రతిని దాచుకునే తీరికా తక్కువే. రాసుకున్న నోటుపుస్తకం ఇల్లు మారినప్పుడు చిత్తు కాగితాల్లో కలిసిపోవచ్చు. 1970లలో, 1980లలో వేషం వేసినవారు ఇప్పుడు పదవీ విరమణ చేసినవారు, వృద్ధులు. వారు మాట్లాడగలిగినంతకాలమే ఆ నాటకం ఉంటుంది.

అందువల్ల ఈ పాఠంలో నేను మిమ్మల్ని పాఠకులుగా మాత్రమే చూడడం లేదు. గోదావరిఖనిలో నాటకం ఆడిన పెద్దవారు మీ ఇంట్లోనో, పక్క వీధిలోనో ఉండవచ్చు. బయటినుంచి వచ్చే పరిశోధకుడికి వారి తలుపు తెలియదు, మీకు తెలుసు. సేకరణలో ఈ నియమాలు పాటించండి.

(అ) ముందు అనుమతి అడగండి. ఎందుకు అడుగుతున్నారో, ఎక్కడ దాచుతారో చెప్పండి. చెప్పవద్దన్న విషయాన్ని రాయకండి.

(ఆ) “ఏ సంవత్సరం?” అని నేరుగా అడిగితే చాలామందికి గుర్తుండదు. తెలిసిన సంఘటనను గుంజగా పాతి, దానికి జ్ఞాపకాన్ని కట్టండి. ఉదాహరణకు రామగుండం ఎన్‌టీపీసీ థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. “ఎన్‌టీపీసీ ప్లాంటు మొదలుకాకముందా, తరువాతా?” అని అడగండి. అప్పుడు ఏ గనిలో, ఏ షిఫ్టులో పనిచేసేవారో, పెద్ద బిడ్డ వయసెంతో అడగండి.

(ఇ) కథ ఒక్కటే రాసుకొని ఆగకండి. ఎవరు రాశారు, ఎక్కడ సాధన చేశారు, దీపాలు, మైకు ఎవరిచ్చారు, ఖర్చు ఎలా పంచుకున్నారు, స్త్రీ పాత్ర ఎవరు వేశారు, చూసిన జనం ఏమన్నారు – ఇవన్నీ ఆధారాలే. రెండో భాగంలో చెప్పిన లెక్క ఇక్కడ మీకు పనికివస్తుంది.

(ఈ) ఒకరు చెప్పినదాన్ని మరొకరితో సరిచూడండి. కరపత్రం, సంఘం చందా రసీదు, ఫోటో వెనుక రాసిన తేదీ దొరికితే వాటికి విలువ ఎక్కువ. ‘భక్త ప్రహ్లాద’ తేదీని మార్చింది అలాంటి కాగితమే.

(ఉ) దొరికిన సంభాషణలను వారి మాటలోనే రాయండి. ‘బాయి’ని ‘గని’గా దిద్దకండి.

మీ చేతిలోని ఫోను ఒకప్పటి నిర్మాతకు దొరకని సౌకర్యం. ముడి ఫిల్ము ఖర్చు పోయింది. సాధన, కథ, మనుషులు మాత్రం ఎప్పటిలాగే కావాలి. ఒక పాత నాటికను మళ్ళీ ఆడించి రికార్డు చేస్తే అది సినిమా కాకపోవచ్చు. ఆధారం తప్పకుండా అవుతుంది. రేపు ఎవరైనా దానిని సినిమాగా తీయాలనుకుంటే వెతుక్కోవడానికి ఒక చోటు ఉంటుంది.

8. సారాంశం

తక్కువ ఖర్చు సినిమా నాటకం నుంచి పరీక్షకు నిలిచిన కథను, సాధన చేసిన నటులను, పరిమితమైన స్థలాన్ని తీసుకుంటుంది. తెలుగులో ఈ సంబంధం మూడు దారుల్లో సాగింది: నాటక సమాజం నటులు, నాటకంతో సహా కెమెరా ముందుకు రావడం (‘భక్త ప్రహ్లాద’, 1932); ఉద్యమ నాటకపు పేరు, పద్ధతి సినిమాకు అందడం (‘మా భూమి’, 1980); ఒక రచయిత నాటకాన్ని ఒక ఛాయాగ్రాహకుడు తెరకెక్కించడం (‘కళ్లు’, 1988). సినిమా ప్రభుత్వ పత్రాల్లో ఆధారం వదులుతుంది. అచ్చుకాని నాటకానికి మనుషుల జ్ఞాపకమే ఆధారం. కాబట్టి బొగ్గుగనుల ప్రాంతపు నాటకాల సేకరణ వాయిదా వేయదగిన పని కాదు.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నాటకం తెలుగు సినిమాగా మారిన మూడు దారులను ఉదాహరణలతో వివరించండి.
2. ‘అదుపు చేసే పత్రమే ఆధారమవుతుంది’ అన్న మాటను నాటక, సినిమా చట్టాల నేపథ్యంలో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘పేరు వారసత్వం’ అంటే ఏమిటి?
2. ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ వివాదం చరిత్ర విద్యార్థికి ఏమి నేర్పుతుంది?
3. చిన్న సినిమాకు పంపిణీ ఎందుకు గండమవుతుంది?

III. అభ్యాసం
మీ కాలనీలో నాటకం వేసిన ఒక పెద్ద వయసు కళాకారుడినో, కళాకారిణినో కలిసి, ఏడో భాగంలోని నియమాల ప్రకారం నాలుగు పేజీల నివేదిక రాయండి. దాని ఒక ప్రతిని మీరు దాచుకోండి, మరొక ప్రతిని వారికే ఇవ్వండి.